మనీప్లాంటు కొమ్మయు ద్వారపాలికయు

శ్రావణమాసపు సాయంసమయము. ఉప్పాడ దిక్కునుండి తరలివచ్చిన నీలమేఘమాలిక కాకినాడ పట్టణముపై ఒక్క జడివాన కురిసి అలసినదై సముద్రము మీదికి మరలిపోగా పడమటి మబ్బుల సందుననుండి తొంగిచూచిన సూర్యుడు తడిసిన మేడగోడలకు పసుపు పూయుచుండెను. నూతనముగ కట్టబడిన యిండ్ల గుమ్మములకు మామిడాకు తోరణములును గడపలకు కుంకుమబొట్లును వీధివీధిని కానవచ్చుచుండెను. గృహప్రవేశములకు శ్రావణమును మించిన మాసము లేదని పురోహితులు చెప్పుదురు. బేరములకు శ్రావణమును మించిన మాసము లేదని ఇంటిసామాను అమ్మువారు చెప్పుదురు. ఇరువురును నిజమే చెప్పుదురు.

భానుగుడి కూడలికి కొంత దూరమున గాజుపలకలతో తళతళలాడు పెద్దమేడయందు కొత్తమాసు రత్నాజీ యను వర్తకుడు నడపు గృహసంభారశాల ఆ సాయంకాలము తిరునాళ్లవలె కిటకిటలాడుచుండెను. ఇల్లు కట్టుకొనువానికి నేలయొక్కటి తక్క తక్కినదంతయు అచ్చట దొరకును. తలుపుబందులు మొదలు దేవునిగది గంటల వఱకు రంగుడబ్బాలు మొదలు రంధ్రములు వేయు యంత్రముల వఱకు సమస్తమును అంతస్తులంతస్తులుగ అమర్పబడి చేయి చాచినంతనే అందుచుండును. చేయి చాచినంతనే అందుట కొనువానికి ఎంత సుఖమో అమ్మువానికి అంత గండము.

దొంగతనమనగా నడిరేయి గోడకు కన్నము వేయుటయే యని తలచు అమాయకులు అచ్చట ఒక్కపూట నిలిచి చూచినయెడల ఆ విద్య పట్టపగలు ఎంత పెద్దమనిషితనముతో సాగునో తెలిసికొందురు. కొన్న బకెట్టులో కొనని కుళాయి దాచితెచ్చు మేస్త్రీలు కలరు. క్రొత్తపెట్టెలో తమ యింటి పాతతాళమునుంచి క్రొత్తదానిని సంచిలోనికి జారవిడుచు గుమాస్తాలు కలరు. డ్రిల్లుబిట్టును కలమువలె చొక్కాజేబున గుచ్చుకొని దర్జాగా వెలుపలికి నడచు బాబులు కలరు. తొలినాళ్ల రత్నాజీ ఇదియేదియు ఎఱుగక సరుకు తగ్గిన ప్రతిసారియు తన పనివారినే అనుమానించి పాపము కొందఱిని మాన్పించెను గూడ.

పిమ్మట ఆయన కన్నులు తెఱచెను. తెఱచుటయనిన సామాన్యముగ కాదు. పైకప్పునిండ సీసీ కెమేరాలు మొలిచెను. మూలమూలల గుండ్రని యద్దములు వ్రేలాడెను. విలువగల తాళములను గాజుబీరువాలలో పెట్టి వానికి వేఱు తాళములు వేయించిరి. ప్రతి వస్తువునకును కంటికానని చీటీ యొకటి అంటించిరి. బిల్లుబల్లకడ సొమ్ము చెల్లించి ఆ చీటీ నోరు కట్టింపక ఏ వస్తువునైనను వెలుపలికి తెచ్చినచో వాకిట నిలిచిన యంత్రద్వారము కుయ్యోమని వీధియంతయు వినునట్లు అఱచును. ఆ యంత్రద్వారమునకు ప్రక్కన ఒక నీలికుర్చీయు ఆ కుర్చీలో ఖాకీదుస్తులు ధరించిన ఒక స్త్రీయు ఉండెను. మనకు కావలసినది ఆమె కథయే.

ఆమె పేరు లోవమ్మ. నివాసము ఏటిమొగ. ఈ కొలువునకు రాకపూర్వము ఆమె రొయ్యలషెడ్డులో పెంకు వొలుచుచుండెడిది. తెల్లవారినది మొదలు మంచునీట చేతులుంచి నిలువుకాళ్లపై పనిచేయుటవలన వ్రేళ్లసందులు పుండ్లుపడి అన్నము కలుపుకొనుటయే గగనమయ్యెడిది. పేరంటమునకు వెళ్లినచో ఎవరైన పసుపు పూయుటకు చేయి పట్టుకొందురేమోయని చీరచెఱగున చేతులు దాచుకొనెడిది. ఇప్పుడు ఆ చేతులు మానినవి. దినమంతయు పొడిగ నుండుచున్నవి. ఎంతటి గొప్పవారైనను ఆమె యెదుట ఆగి సంచి తెఱచి “చూడండమ్మా” యందురు. ఆ “అండమ్మా” యనుమాట జీతముకంటెను ఆమెకు తీపి. ఆ కుర్చీ పోయినచో మరల మంచునీరే గతియని ఆమె ఒక్కక్షణమైనను మఱువలేదు గనుక కన్నులలో వత్తులు వేసికొని కాపలా కాయుచుండెను.

ఇట్లు దొంగతనములన్నియు ఒక్కటొక్కటిగ అణగిపోయినవి గాని ఒక్కటిమాత్రము అణగలేదు. యంత్రద్వారమునకు లోవైపున చేరువనే పూలకుండీలు అమ్ము చోటు కలదు. అందు మనీప్లాంటు తీగలు నిగనిగలాడుచుండును. ఆ తీగనుగూర్చి మన ఆడవారిలో ఒక గట్టినమ్మకము కలదు. కొని తెచ్చినది పట్టదు. అడిగి తెచ్చినదియు పట్టదు. ఇచ్చినవాడనువాడు లేకుండ తెచ్చుకొన్న కొమ్మయైననే ఇంట వేరూని తీగసాగి లక్ష్మీదేవిని వెంటబెట్టుకొని వచ్చునట! అందుచేత కారుదిగి వచ్చి బండెడు సామాను కొని పైసతో సహా చెల్లించిన యిల్లాలు సైతము వెళ్లుచువెళ్లుచు అటునిటు చూచి గోట ఒక కణుపు గిల్లి పమిటచెంగున దాచును. ఆమె మనస్సున అది దొంగతనము కాదు. నోమువంటిది. కొమ్మకు చీటీ లేదు గనుక యంత్రద్వారము నోరుమూసికొని నిలుచును. శ్రావణశుక్రవారములు సమీపించుకొలది ఆ కుండీలు తిరుపతికొండ దిగివచ్చిన తలలవలె బోడులగుచుండెను.

విలువ చూచినచో ఆ కొమ్మ ఏపాటిది? ఒక మేకుపాటి చేయదు. అయినను రత్నాజీకి తల కొట్టివేసినట్లయ్యెను. ఇన్ని కన్నులు పెట్టించి ఇంతటి ద్వారము నిలిపి ఒక ఆకును కాచుకొనలేకపోతినే యను ఉక్రోషము ఆయనను నిలువనీయలేదు. మనుష్యునకు నష్టముకంటె నగుబాటు ఎక్కువ మంట పుట్టించును గదా! వెంటనే వాకిటి వెలుపల ఒక బోర్డు నిలిపించి దానిపై “వీరిని గుర్తుపట్టండి” యని యెఱ్ఱని యక్షరములు వ్రాయించి పట్టుబడినవారి ఫొటోలు అందు అంటింపవలసినదిగ ఆజ్ఞాపించెను. తరువాత లోవమ్మకడకు వచ్చి నిలిచెను.

“ఇదిగో లోవమ్మా, మొహం చూడొద్దు. ఎవరైనా సరే ఆపు. ఇంకొక్క కొమ్మ గుమ్మం దాటిందంటే ఆ కుర్చీలో నువ్వుండవు.”

ఆ మాట చెవినిబడి ఎన్నాళ్లో కాకమునుపే సునంద పట్టుబడెను. ఆ యమ్మాయి జగన్నాథపురమున ఒక చిన్నబడిలో పంతులమ్మ. క్రొత్తగ కాపురము పెట్టినది. స్నానపుగదికి అద్దమొకటి కొని బిల్లు చూపి వెళ్లుచుండగా రెండవచేయి పిడికిలి బిగించియుండుట లోవమ్మ చూచెను. తెఱువుమనినంతనే తెఱచెను. అఱచేత చెమటకు నలిగిన రెండాకుల కొమ్మ! అత్తగారు తెమ్మనిరనియు కొనినచో పట్టదనిరనియు ఆమె మెల్లగ చెప్పెను. విడిచిపెట్టుమని అడుగుటకైనను ఆమెకు నోరు రాలేదు. లోవమ్మకు విడిచిపెట్టుదమనిపించెను గాని నీలికుర్చీ కంటికి కనబడెను. ఆమెను మేనేజరునకు అప్పగించెను. ఆ సాయంకాలమే కెమేరా పట్టియిచ్చిన సునంద ముఖము బోర్డుపైకెక్కెను.

ఆ బడిలో ఆయాగ నున్న తోడికోడలివలన లోవమ్మ తక్కినకథ వినెను. ఒక పిల్లవాని తండ్రి ఆ బోర్డు చూచి ఊరుకొనక ఊరంతయు చాటెననియు పిల్లలు వరండాలో “దొంగటీచరు” అని గుసగుసలాడి నవ్వుకొనుచున్నారనియు ఆ యమ్మాయి తలవంచుకొని పాఠము చెప్పి తలవంచుకొనియే ఇంటికి పోవుచున్నదనియు తెలిసెను. ఆ రాత్రి లోవమ్మకు ముద్ద దిగలేదు. నా పని నేను చేసితిని గదా యని తనకు తానే సర్దిచెప్పుకొనెను. మఱునాడును అట్లే చెప్పుకొనెను. చెప్పుకొనవలసివచ్చినదన్న లోపల సర్దుకొననిది ఏదియో ఉన్నదనియే గదా అర్థము! ఏమైననేమి, కుర్చీమాత్రము నిలిచెను.

ఇక ఈ సాయంకాలమునకు వత్తము. మఱునాడు శుక్రవారమున రత్నాజీ కట్టించిన క్రొత్తమేడకు గృహప్రవేశము. ఆయన తల్లి వరహాలమ్మ దేవునిగదికి ఇత్తడిగంటలు ఏరుకొనుటకై స్వయముగ శాలకు వచ్చెను. ముదిమిచే నడుము కొంచెము వంగినను ముఖమున కళ తగ్గని ఆ యిల్లాలిని చూచి పనివారందఱును లేచి నిలిచిరి. ఆమె ప్రతివానిని పలుకరించి పిల్లల క్షేమమడిగి గంటలు వాయించి చూచి నచ్చినవానిని కారులో పెట్టింపుమని చెప్పి మెల్లగ వాకిటివైపు నడచెను. కుండీలకడకు వచ్చుసరికి ఆమె నడక మందగించెను.

లోవమ్మ చూచుచునే యుండెను. వరహాలమ్మ కుడివైపు చూచెను. ఎడమవైపు చూచెను. ఆ వయసున ఆ ముఖములో బడియెగ్గొట్టు పిల్లదాని బెదురు కదలాడెను. గోరు కదలినది. పుటుక్కుమన్న చప్పుడు లోవమ్మకు స్పష్టముగ వినబడెను. మఱుక్షణమున కొమ్మ రొంటిలో దోపబడెను. సొంతకుమారుని కొట్టు! అడిగినచో తీగలేమి తోటకుతోట యింటికి వచ్చునే! కాని అడిగినచో పట్టదు గదా.

లోవమ్మ లెక్క వేసికొనెను. ఆపినచో కొట్టుయజమాని తల్లిని నలుగురిలో నగుబాటు చేసినట్లగును. కుర్చీ పోవుట ఖాయము. ఆపకపోయినచో ఎవరును అడుగరు. కెమేరాలముందు కూర్చున్నవాడైనను చూచియు చూడనట్లే ఊరకుండును. ముఖము అటు త్రిప్పి వీధిలోని ఆటోలను చూచుచు కూర్చున్న చాలును. ఇంతకంటె సులువైన పని వేఱొకటి లేదు. ఆమె అట్లే ముఖము త్రిప్పెను గూడ. కాని త్రిప్పినవైపున గాజుతలుపునకు ఆవల బోర్డు ఉండెను. వానచినుకులు పడిన సునంద ఫొటో ఆమెవైపే చూచుచున్నట్లుండెను. రెండాకులకు ఆ పిల్ల, రెండాకులకు ఈ పెద్దామె. లోవమ్మ లేచి నిలిచెను.

“అమ్మగారండీ, కాస్త ఆగాలండి. ఆ రొంటిలోది చూపించాలండి.”

వరహాలమ్మ రాయివలె నిలిచిపోయెను. ఆమెకు కోపము రాలేదు. సిగ్గు వచ్చెను. సంచులు చూపుటకై వరుసలో నిలిచినవారు ఒకరిచెవిలో ఒకరు ఊదుకొని ముక్కున వ్రేలు వేసికొనిరి. మేనేజరు పరుగున వచ్చి లోవమ్మను కసరి వరహాలమ్మకు దండములు పెట్టెను. ఇంతలో వార్త పైయంతస్తునకు ప్రాకి రత్నాజీ మెట్లు దిగి వచ్చెను. జరిగినది విని ఆయన ముఖము జేవురించెను. ఎవరిని ఆపినదియు తెలిసియే ఆపితివా యని లోవమ్మను అడిగెను.

“తెలుసండి,” అని లోవమ్మ నేలచూపులు చూచుచు పలికెను. “మొహం చూడొద్దన్నారు కదండీ.”

రత్నాజీకి పచ్చివెలక్కాయ గొంతున పడినట్లయ్యెను. పిమ్మట నలుగురును చూచుచున్నారని గుర్తువచ్చి బలవంతమున నవ్వు తెచ్చిపెట్టుకొని తల్లి భుజముపై చేయివేసి కొట్టు ఆమెదేయనియు అందు దొంగతనమనుమాటకు తావు లేదనియు ఆ కొమ్మను తానే యిచ్చితిననుకొన్న సరిపోవుననియు చెప్పెను. వ్యవహారము చక్కబడెనని ఆయన తలచెను. తల్లి ఆ చేతిని తోసివేసెను.

“నోర్ముయ్యరా. నువ్విచ్చానంటే ఇంక పట్టదు. రేపు కొత్తింట్లో పెట్టుకోవాలని నేను దొంగతనంగానే తీశాను. దొంగతనమే.”

వరుసలో ఎవరో కిసుక్కుమనిరి. రత్నాజీ తెచ్చిపెట్టుకొన్న నవ్వు మాయమయ్యెను. తల్లిమాట కాదన్నచో క్రొత్తయింటికి లక్ష్మి రాదు. ఔనన్నచో తల్లి ముఖము బోర్డెక్కవలెను. పాపము ఆ వర్తకుడు బేరములో ఎన్నడును ఇంతటి యిఱుకున పడియుండలేదు.

ఈలోపున వరహాలమ్మ చూపు గాజుతలుపు దాటి బోర్డుపై పడెను. ఆ పిల్ల ఎవరనియు ఏమి తీసినదనియు లోవమ్మను అడిగెను. ఆ పిల్ల క్రొత్తగ కాపురము పెట్టినదనియు తీసినది ఈ కొమ్మయేననియు అత్తగారు తెమ్మనగా తీసినదనియు లోవమ్మ చెప్పెను. బడిపిల్లల నవ్వుమాటయు దాచలేదు. వరహాలమ్మ మెల్లగ వెలుపలికి నడచి బోర్డుముందు నిలిచి ఫొటోపైనున్న వానచినుకులను తన పమిటచెంగున తుడిచెను. పిమ్మట కొడుకువైపు తిరిగెను. ఆమె గొంతున కోపము లేదు.

“పాత కొట్టు ముందు కూడా ఈ తీగుండేదిరా. మీ నాన్నకి కనిపించక కాదు. శ్రావణమాసంలో గురువారం సాయంత్రం అయ్యేసరికి లేచి లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చేవాడు. దాహం లేకపోయినా.”

రత్నాజీ బోర్డుకడకు వచ్చెను. తండ్రిని తలచుకొనెనో ఆ పిల్లను తలచుకొనెనో మనకు తెలియదు. తానే ఆ ఫొటోను గోట ఊడదీయబూనెను. అది ఊడలేదు. ఏండ్లు గడచినను ఊడదని పూచీపడి తాను అమ్ము జిగురే యది! కొనుగోలుదార్లందఱును చూచుచుండగా ఆయన చెమటలు కార్చుచు గీకి గీకి కడకు ఒక మూల చినిగిన ఆ ఫొటోను చేతికి తెచ్చుకొనెను. బోర్డును లోనికి మోయింపుమని మేనేజరుతో చెప్పెను. వరహాలమ్మ రొంటిలో కొమ్మ రొంటిలోనే యుండగా కారెక్కి వెళ్లిపోయెను.

గుమి చెదరినపిదప ఆయన లోవమ్మ యెదుట నిలిచెను. ఆమెయు ఖాకీచొక్కా గుండీలపై చేయివేసికొని ఇప్పుడే విప్పి యియ్యవలెనేమో యని సిద్ధముగ నుండెను. కుర్చీ పోవునను భయము లేకనే తన తల్లిని ఆపితివా యని ఆయన అడిగెను.

“భయంతోనే ఆపానండి,” అని లోవమ్మ పలికెను. కన్నీరు కారుచున్నను మాట తడబడలేదు. “ఆ టీచరమ్మనీ భయంతోనే ఆపాను. ఇవాళ అమ్మగారిని వదిలేస్తే ఆ రోజు నేను చేసింది కాపలా అవదండి. నోరులేనోళ్ళ మీద జులుం చెయ్యడం అవుద్ది.”

రత్నాజీ చినిగిన ఫొటోమూలను సరిచేసెను. దానిని ఆమెకిచ్చి ఆ యమ్మాయికి ఇచ్చిరమ్మని మాత్రము చెప్పి మెట్లెక్కి పోయెను. కొలువు ఉన్నదో ఊడినదో తెలియక లోవమ్మ ఆ సాయంకాలమంతయు కుర్చీయంచున కూర్చుండి ఒక్కొక్క సంచియు చూచెను. ఆనాడు సంచులలో ఏమున్నదో ఆమెకు కనబడియుండదని మేము అనుకొనుచున్నాము.

మఱునాడు గృహప్రవేశమునిమిత్తము శాల మూయబడియుండగా లోవమ్మ జగన్నాథపురమున సునంద యింటి తలుపు తట్టెను. సునంద ఆమెను గుర్తించి సగము తలుపే తెఱచెను. ఫొటో చేతబట్టుకొని చాలసేపు చూచి బోర్డుమీద ఇంకెవరున్నారని అడిగెను. ఎవరును లేరనియు బోర్డే తీసివేసిరనియు లోవమ్మ చెప్పగా ఆ యమ్మాయి తలుపుచెక్కకు తల ఆనించి వెక్కివెక్కి యేడ్చెను. లోవమ్మ క్షమింపుమని వేడుకొనెను. సునంద క్షమించితిననలేదు. తిట్టనులేదు. బడిలో నవ్విన పిల్లల నవ్వు వెనుకకు తెచ్చు ఉపాయము లోవమ్మకడ లేదు. ఆ సంగతి ఇరువురకును తెలియును.

శనివారమున రత్నాజీ తెల్లవారుచునే శాలకు వచ్చి పనివారిచే మనీప్లాంటు కుండీలను ఎత్తించి యంత్రద్వారమునకు వెలుపల కెమేరా కన్ను పడని గోడవార వరుసగ పెట్టించెను. మేనేజరు ఆశ్చర్యపడి ఇట్లుంచినచో ఒక్క ఆకైనను మిగులదని చెప్పబోగా చేయెత్తి వారించెను. పిమ్మట లోవమ్మకడకు వచ్చెను. ఆమె లేవబోగా కూర్చుండుమనెను. ఆమె మరల కుర్చీయంచుననే కూర్చుండెను.

“కుర్చీ నీదే. ఒక్క పని మాత్రం కొత్తగా చెప్తున్నాను. గురువారం సాయంత్రం పూట నీకు దాహం వెయ్యాలి, లోవమ్మా.”

ఆమెకు మొదట అర్థము కాలేదు. అర్థమైనతోడనే నవ్వును ఏడ్పును ఒక్కమాఱే వచ్చి రెండును ఆపుకొని తల ఊపెను.

గురువారము వచ్చెను. ఆ సాయంకాలమును వాన వెలిసి వీధియంతయు తడితడిగ మెఱయుచుండెను. నిలువెల్ల కన్నులుగ కూర్చుండుటయే బ్రదుకైన ఆ ద్వారపాలిక కుర్చీనుండి లేచి లోనికి నడచి తలుపునకు చేరువనున్న మంచినీళ్లకూజాముందు వాకిటికి వీపు పెట్టి నిలిచెను. స్టీలుగ్లాసు నింపుకొని మెల్లగ త్రాగసాగెను. వెనుక కుండీలకడ ఎవరో తడియడుగుల వచ్చి నిలిచిన అలికిడి వినబడెను. గాజులు గలగలమనెను. క్షణకాలము సందేహించినట్లు మరల నిశ్శబ్దమయ్యెను. అడుగులు ఎవరివో చూడవలెనని లోవమ్మ మెడ తహతహలాడెను. ఆమె తిరుగలేదు. గ్లాసు ఖాళీయయ్యెను గాని కణుపు గిల్లిన చప్పుడు ఇంకను వినబడలేదు. దాహమనునది లేకపోయినను ఆమె కూజావంచి గ్లాసును మరల నిండుగ నింపుకొనెను.